బురద బాటల బండికి ఫోర్కు సీలు, హ్యాండిల్ బాల్‌రేస్

మోటారు సైకిల్‌లో ఇంజనుకు దక్కే శ్రద్ధలో పదోవంతు కూడా దాని ముందు భాగానికి దక్కదు. ఇంజను ఆయిల్ ఎప్పుడు మార్పించారో, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వస్తున్నదో అడిగిన వెంటనే చెప్పగల యజమాని, ముందు చక్రాన్ని పట్టి నిలిపే ఫోర్కులో కూడా ఆయిల్ ఉంటుందని, హ్యాండిల్ తిరిగే మెడలో బేరింగులు ఉంటాయని, ఆ రెండూ కొంతకాలానికి మార్చవలసినవేనని తెలియకుండానే ఏళ్ల తరబడి బండి నడుపుతుండటం మామూలే. దీన్ని వట్టి నిర్లక్ష్యమని కొట్టిపారేయలేం. ఇంజను చెడితే బండి ఆగిపోతుంది, పంక్చరైతే కదలదు. కానీ ఫోర్కు ఆయిల్ పలచబడటం, బేరింగులో గుంటలు పడటం నెలల తరబడి సాగే వ్యవహారం గనుక నడిపేవారి చేతులు ఏరోజుకారోజు ఆ లోపానికి అలవాటు పడిపోతాయి. ఇతరులెవరైనా ఆ బండి తీసుకుని నాలుగడుగులు నడిపినప్పుడే హ్యాండిల్ పట్టేస్తున్నదన్న మాట బయటపడుతుంది.

సూర్యాపేట జిల్లాలోని ఆత్మకూర్ (ఎస్) మండలం వంటి చోట ఈ అరుగుదల మరింత వేగంగా సాగుతుంది. నెమ్మికల్, ఏనుబాముల వంటి ఊళ్ల నుంచి సూర్యాపేట మార్కెట్‌కు, ఆసుపత్రికి, కాలేజీకి రాకపోకల్లో చాలా భాగం ద్విచక్ర వాహనాల మీదనే జరుగుతుంది. ఒకే బండి పొద్దున పాల క్యాన్లు, మధ్యాహ్నం యూరియా బస్తా, సాయంత్రం ఇంటిల్లిపాదినీ మోస్తుంది. వానాకాలం నాట్లకు దమ్ము చేసిన ట్రాక్టర్లు కేజ్‌వీల్స్‌తోనే రోడ్డెక్కితే తారు మీద వరసగా గాట్లు పడతాయి, పొలాల బురద రోడ్డు మీదికి వస్తుంది. యాసంగి కోతలప్పుడు రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి అంచున రాళ్లు పేర్చడంతో బండి తరచు దిగువనున్న మట్టి అంచులోకి దిగి ఎక్కవలసి వస్తుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద ఉన్న మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాల్లోనూ ఇదే తీరు. అక్కడ రైస్ మిల్లుల ఊక, బూడిద దుమ్ము అదనం. ఇలా ఊరి బాటల్లో అరిగిన బండే సూర్యాపేట, కోదాడల మీదుగా హైదరాబాద్ నుంచి విజయవాడకు సాగే 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కి లారీల పక్కన 60, 70 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తవలసి ఉంటుంది కాబట్టి, ముందు భాగపు ఆరోగ్యం ఒంటి నొప్పులకు మాత్రమే పరిమితమైన విషయం కాదు.

ఈ ప్రాంతపు రోడ్ల మీద కనిపించే 100 నుంచి 160 సీసీ బండ్లలో దాదాపు అన్నింటికీ ముందు ఉండేది టెలిస్కోపిక్ ఫోర్కు, అంటే ఒక గొట్టంలోకి మరో గొట్టం జారే ఏర్పాటు. పైన మెరుస్తూ కనిపించే ఉక్కు గొట్టం, దాన్ని మెకానిక్‌లు ఫోర్కు రాడ్ లేదా పైపు అంటారు, 100 సీసీ బండ్లలో సుమారు 30 మిల్లీమీటర్ల వ్యాసంతో, గట్టి క్రోమియం పూతతో ఉంటుంది. అది కింది అల్యూమినియం గొట్టంలోకి, అంటే బాటంలోకి, దిగుతూ లేస్తూ ఉంటుంది. లోపల పొడవాటి స్ప్రింగు, సన్నని రంధ్రాలున్న డ్యాంపర్ గొట్టం, కొంత ఆయిల్ ఉంటాయి. గుంట తగిలినప్పుడు స్ప్రింగు ఆ దెబ్బ బలాన్ని తనలో దాచుకుంటుంది గాని దాన్ని మాయం చేయలేదు, వదిలేస్తే అదే బలంతో తిరిగి ఎగదన్నుతుంది. ఆ ఊపును అణచేది ఆయిలే. గొట్టాలు కదిలినప్పుడల్లా ఆయిల్ ఆ సన్నని రంధ్రాల గుండా బలవంతంగా పోవలసి రావడంతో ఊపులోని శక్తి వేడిగా మారిపోతుంది. ఈ అణచివేతనే డ్యాంపింగ్ అంటారు. ఆయిల్ ఎంత చిక్కగా ఉండాలి, రంధ్రం ఎంత ఉండాలి అన్న రెండు లెక్కల మీదనే ముందు షాకుల నడత అంతా ఆధారపడి ఉంటుంది కాబట్టి, ఫోర్కులో పోసేది కేవలం జారుడు కోసం పోసే నూనె కాదని గుర్తించడం ఈ పనికి మొదటి మెట్టు.

ఈ ఏర్పాటు పుట్టి తొంభై ఏళ్లు దాటింది. ఆయిల్ డ్యాంపింగ్ గల టెలిస్కోపిక్ ఫోర్కును 1935లో జర్మనీకి చెందిన బీఎండబ్ల్యూ తన ఆర్12 బండికి అమర్చి మార్కెట్లోకి తెచ్చిన తరువాత, అంతకు ముందున్న గర్డర్ ఫోర్కులు క్రమంగా కనుమరుగయ్యాయి. భారతదేశంలో 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100, 1994లో వచ్చిన స్ప్లెండర్ ఈ రకం ఫోర్కును పల్లెపల్లెకూ చేర్చాయి. స్కూటర్ల దారి వేరుగా ఉండేది; 110 సీసీ యాక్టివాకు సైతం టెలిస్కోపిక్ ఫోర్కు 2020 నాటి 6జీ మోడల్‌తో గాని రాలేదు. పాత మోపెడ్లలో ఆయిల్ లేకుండా స్ప్రింగు, గ్రీజులతోనే నడిచే ఫోర్కులు కూడా ఉన్నాయి కాబట్టి, ఇక్కడ చెప్పబోయే ఆయిల్ సంగతులు వాటికి వర్తించవు.

ఫోర్కులో మొదట చెడేది పైపు చుట్టూ ఉండే ఆయిల్ సీలు. లోపలి ఆయిల్ బయటికి రాకుండా, పైపును అన్నివైపులా ఒరుసుకుంటూ ఉండే ఈ రబ్బరు కట్టుకు సన్నని పెదవి, ఆ పెదవిని పైపుకు అదిమిపట్టే చిన్న స్ప్రింగు చుట్ట ఉంటాయి. దాని పైన బయటి దుమ్మును ఆపడానికి డస్ట్ సీలు అనే మరో కట్టు ఉంటుంది. పైపు మీద చిందిన బురద ఎండినప్పుడు అందులోని ఇసుక రేణువులు, ఫోర్కు కదిలిన ప్రతిసారీ గరుకు కాగితంలా పనిచేసి ముందు డస్ట్ సీలును, దాని తరువాత అసలు సీలు పెదవిని కోస్తాయి. బండి కదలకుండా వానలో నిలిచిన రోజుల్లో క్రోమియం పూతలోని సూక్ష్మమైన లోపాల దగ్గర తుప్పు పుట్టి, సూదిమొన అంతటి గుంటలు పడతాయి. వేలిగోటితో పైపు పొడవునా గీసినప్పుడు గోరు తట్టుకునే ప్రతి గుంటా కొత్త సీలును కూడా కొద్ది వారాల్లోనే చింపగలదు. మళ్లీ మళ్లీ సీళ్లు మార్పించినా కారుడు ఆగడం లేదని షాపును తిట్టుకునే సందర్భాల్లో చాలావాటికి మూలం సీలులో ఉండదు, పైపు మీద ఉంటుంది.

మెడ సంగతి కొంత వేరు. రెండు ఫోర్కు పైపులనూ కలిపి పట్టే కింది దిమ్మె నుంచి ఒక నిలువు కడ్డీ పైకి లేచి ఫ్రేము మెడలోని గొట్టం గుండా పోతుంది. ఆ ఆకారాన్ని బట్టి దీనికి ఫోర్కు టీ అనే పేరు స్థిరపడింది. ఈ కడ్డీ తేలిగ్గా తిరగడానికి మెడ గొట్టానికి పైన ఒకటి, కింద ఒకటి బేరింగు ఉంటాయి. తక్కువ సీసీ బండ్లలో చాలావరకు ఇవి విడి స్టీలు బాల్స్, వాటికి కిందా పైనా గిన్నె, కోను ఆకారంలోని ఉక్కు కట్లు. షాపుల్లో ఈ మొత్తాన్ని కోన్ సెట్ అనో బాల్‌రేస్ అనో అడగాలి. పెద్ద బండ్లలో బాల్స్‌కు బదులు ఏటవాలు రోలర్లు ఉండే టేపర్ బేరింగులు వస్తాయి.

మామూలు బేరింగు నిమిషానికి వందల చుట్లు తిరుగుతుంది గనుక దానిలోని బాల్స్, గ్రీజు ఎప్పటికప్పుడు స్థానం మారుతుంటాయి. హ్యాండిల్ బేరింగుకు ఆ అదృష్టం లేదు. బండి ప్రయాణంలో అత్యధిక భాగం తిన్నగా సాగుతుంది, అంటే ప్రతి బాల్ తన కట్టు మీద ఒకే చోట కూర్చుని, గుంట తగిలిన ప్రతిసారీ అదే చోటును మోదుతుంది. పైగా కింది బేరింగు ముందు చక్రం నుంచి వచ్చే దెబ్బనంతా మోస్తుంది. సన్నని అదురుడుకు ఆ చోట గ్రీజు పక్కకు తప్పుకుంటుంది, లోహం లోహాన్ని తాకుతుంది, ఎర్రని తుప్పు పొడి పుడుతుంది, చివరికి బాల్స్ ఎన్ని ఉంటే అన్ని చిన్న గుంటలు కట్టు మీద వరసగా ఏర్పడతాయి. లోహాల కాఠిన్యాన్ని గట్టి ఉక్కు గుండుతో నొక్కి కొలిచే పద్ధతిని 1900లో ప్రపంచానికి చూపిన స్వీడన్ శాస్త్రవేత్త యోహాన్ ఆగస్ట్ బ్రినెల్ పేరు మీద ఇలాంటి గుంటలకు ఇంజనీర్లు బ్రినెలింగ్ అనే పేరు పెట్టారు. గుంటలు పడ్డ తరువాత హ్యాండిల్ సరిగ్గా మధ్యకు రాగానే ఆ గుంటల్లో బాల్స్ కూర్చుంటాయి. బండి తిన్నగా పోతున్నట్టే అనిపించినా, నిజానికి నడిపేవారు అనుక్షణం ఆ పట్టు నుంచి హ్యాండిల్‌ను కొద్దిగా లాగి సరిచేస్తూ పోతుంటారు. నెమ్మదిగా నడిపేటప్పుడు బండి అటూ ఇటూ ఊగడానికి ఇదే కారణం.

తుప్పుకు మరో దారి రోడ్డు పక్కన వాటర్ సర్వీసింగ్ పేరుతో జరిగే కడుగుడు. ప్రెషర్ పంపు నీటిని ఫోర్కు టీ మీదికి, డస్ట్ సీలు మీదికి దగ్గర నుంచి కొట్టినప్పుడు బురద పోతుంది గాని, నీరు మెడ లోపలికి చేరి గ్రీజును కడిగేస్తుంది. తరువాత మెరుపు కోసం చల్లే డీజిల్ రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. బకెట్ నీళ్లు, తడిగుడ్డతో పైపులను తుడిచిన బండి ఈ ఒక్క విషయంలో సర్వీసింగ్ సెంటరుకు వెళ్లిన బండి కంటే మెరుగ్గా ఉంటుంది.

పానా పట్టక ముందే చేయవలసిన పరీక్షలు ఉన్నాయి, వాటికి డబ్బు ఖర్చు కాదు. సెంటర్ స్టాండు వేసి, వెనుక భాగం మీద ఒకరు అదిమి కూర్చుంటే ముందు చక్రం గాలిలోకి లేస్తుంది. ఇప్పుడు హ్యాండిల్‌ను ఒక్క వేలితో ఒక చివర నుంచి మరో చివరకు నెమ్మదిగా తిప్పి చూడాలి; మధ్యలో ఎక్కడైనా పట్టి వదిలినట్టు అనిపిస్తే బాల్‌రేస్ పోయిందనే అర్థం, దానికి బిగింపుతో మరమ్మతు లేదు. ఆ తరువాత బండి ముందు కూర్చుని, ఫోర్కు కింది కొసలను రెండు చేతులా పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగినప్పుడు టక్కుమన్న చిన్న కదలిక మెడ దగ్గర తెలిస్తే ఆ బేరింగులను బిగించి ఉంచే రింగు నట్టు వదులైంది. ఇదే లోపం రోడ్డు మీద ముందు బ్రేకు వేసినప్పుడు ట్యాంకు కింద టకటక శబ్దంగా వినిపిస్తుంది. మూడో పరీక్షకు బండిని నేల మీద దించి, ముందు బ్రేకు పట్టి హ్యాండిల్ మీద బరువంతా వేసి గట్టిగా అదిమి వదలాలి: ఫోర్కు ఒకసారి లేచి నిలవాలి, రెండు మూడు సార్లు ఊగితే ఆయిల్ పని చేయడం లేదు. చివరగా తెల్లని గుడ్డతో రెండు పైపులనూ తుడిచి చూస్తే, సన్నని జిడ్డు చార సహజమే గాని, గుడ్డకు నల్లని తడి వలయంగా అంటితే సీలు కారుతున్నది.

డిస్క్ బ్రేకు ఉన్న బండికి ఆ కారుడును వాయిదా వేయకూడదు. ఫోర్కు నుంచి జారిన ఆయిల్ డిస్కు మీదికి, ప్యాడ్ల మీదికి చేరితే బ్రేకు పట్టు సగానికి సగం పడిపోవచ్చు, ఆయిల్ పీల్చుకున్న ప్యాడ్లను కడిగి వాడటం కూడా క్షేమం కాదు. బ్రేకు వేసిన క్షణంలో బండి బరువు ముందుకు మళ్లుతుంది కాబట్టి ఆపే శక్తిలో ఎక్కువ వాటా ముందు చక్రానిదేనన్న సంగతి తెలిసినవారు దీన్ని తేలిగ్గా తీసుకోరు.

తొలిసారి ఈ పని చేసేవారు డ్రమ్ము బ్రేకు ఉన్న 100 సీసీ బండితో మొదలుపెట్టడం మేలు. దానికి ఒక పానాల సెట్టు, 6 లేదా 8 మిల్లీమీటర్ల పొడవాటి ఎలెన్ కీ, అంటే ఆరు పలకల రంధ్రంలో దూరే వంపు కీ, రింగు నట్టుకు కొక్కెం ఉన్న సి-పానా, మందుల దుకాణంలో దొరికే 50 మిల్లీలీటర్ల సిరంజి, కొత్త సీళ్ల జత, బండి కంపెనీ చెప్పిన గ్రేడు ఫోర్కు ఆయిల్, లిథియం గ్రీజు డబ్బా చాలు. బండి ముందుకు వాలిపోకుండా ఇంజను కింద చెక్క దిమ్మె పెట్టాలి. సైలెన్సర్ గొట్టం మీద భారం పడకూడదు. చక్రం తీసిన బండిని కేవలం సెంటర్ స్టాండు మీద నమ్మి వదిలేయడం ఈ పనిలో జరిగే ప్రమాదాలలో మొదటిది.

చక్రం విప్పక ముందే చేయవలసిన పని ఒకటుంది. పైపుల కొనలకు ఉండే మూత బోల్టులు చాలా గట్టిగా ఉంటాయి, పైపులు ఫ్రేములో బిగిసి ఉన్నప్పుడే వాటిని అర చుట్టు వదులు చేసి పెట్టాలి. బయటికి తీశాక చేతిలో పట్టుకుని వదులు చేయబోతే పైపు తిరుగుతుంది, వైస్‌లో బిగిస్తే క్రోమియం పూత పోతుంది. ఆ తరువాత బ్రేకు, మీటరు తీగలు, ఇరుసు, చక్రం, మడ్‌గార్డు వరసగా వచ్చేస్తాయి. టీ పట్టు బోల్టులు వదులు చేస్తే పైపులు కొద్దిగా తిప్పుతూ లాగినప్పుడు కిందికి జారతాయి. తుప్పు పట్టి రాకపోతే సుత్తి కంటే కొంచెం నూనె, ఓపిక మేలు.

మూత బోల్టు పూర్తిగా తీసేటప్పుడు లోపలి స్ప్రింగు దాన్ని పైకి నెడుతుంది గనుక ముఖం దాని మీదికి వంచకూడదు, అరచేతితో మూతను అదిమి పట్టి చివరి మరలు తిప్పాలి. పైపును బోర్లించి నాలుగైదుసార్లు పంపు కొట్టినట్టు ఆడిస్తే పాత ఆయిల్ బయటపడుతుంది, దాని రంగే బండి చరిత్ర చెబుతుంది: బూడిద రంగు మెరుపు అల్యూమినియం అరిగిన పొడిది, పాల రంగు లోపలికి చేరిన నీటిది, కుళ్లిన చేప వాసన చాలా ఏళ్ల పాతదనానిది. ఆ ఆయిల్‌ను కాలువలోనో చెలకలోనో పారబోయకుండా, వాడిన ఇంజను ఆయిల్ పోగుచేసే మెకానిక్ డ్రమ్ములో వేయించడం బాధ్యత.

కొత్తవారు ఆగిపోయే చోటు బాటం అడుగున ఉండే ఎలెన్ బోల్టు. దాన్ని తిప్పుతుంటే లోపలి డ్యాంపర్ గొట్టం కూడా దానితోపాటే తిరిగి బోల్టు రాకుండా పోతుంది. దీనికి ఉపాయం స్ప్రింగును, మూతను తిరిగి పెట్టి, ఫోర్కును నేలకు ఆనించి మరొకరు గట్టిగా అదిమి పట్టడం. స్ప్రింగు ఒత్తిడికి డ్యాంపర్ గొట్టం తిరగకుండా నిలుస్తుంది, బోల్టు వదులవుతుంది. అప్పటికీ రాకపోతే టైరు షాపులో ఉండే గాలి గన్నుతో రెండు క్షణాల్లో వచ్చేస్తుంది, దానికోసం సూర్యాపేట దాకా పైపు పట్టుకుపోవడంలో చిన్నతనమేమీ లేదు. బోల్టు తల అరిగేదాకా ఇంట్లో కుస్తీ పడితే మటుకు తరువాతి దారి లేతు షాపే. ఈ బోల్టు కింద ఉండే రాగి వాషరును కొత్తది వేయకపోతే పైన సీలు ఎంత మంచిదైనా ఆయిల్ అడుగు నుంచి కారుతుంది.

పైపు బయటికి వచ్చాక డస్ట్ సీలు లేపి, దాని కింది తీగ క్లిప్పు తీసి, పాత సీలును పెకలించాలి. ఇక్కడ స్క్రూడ్రైవరు కొన అల్యూమినియం గోడకు తగిలి చిన్న గీత పడినా కొత్త సీలు బయటి అంచు నుంచి ఆయిల్ కారుతుంది కాబట్టి, గోడకు, స్క్రూడ్రైవరుకు మధ్య గుడ్డో చెక్కముక్కో అడ్డుపెట్టడం తప్పనిసరి. పైపును గాజు పలక మీద దొర్లిస్తే వంపు ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. ఎదురుగా దేన్నైనా గుద్దిన బండికి ఈ పరీక్ష మానకూడదు. హోండా వంటి కంపెనీల పుస్తకాలు పైపు వంపును 0.2 మిల్లీమీటర్లు దాటనివ్వవు. వంగిన పైపును ప్రెస్సు కింద సాపు చేయడం మన దగ్గర మామూలైపోయింది గాని, ఒకసారి మడతపడి తిరిగి సాగిన ఉక్కు అదే చోట బలహీనమై ఉంటుంది, పైగా క్రోమియం పూత ఆ చోట చిట్లుతుంది. ముందు చక్రాన్ని పట్టి ఉంచే పైపు విషయంలో ఇలాంటి పొదుపును సమర్థించడం కష్టం. పైపు మీద చిన్న గరుకు ఉంటే 1500 లేదా 2000 నంబరు వాటర్ పేపరుకు ఆయిల్ రాసి, పైపు పొడవునా కాక చుట్టూ తిప్పుతూ మెల్లగా రుద్దవచ్చు. లోతైన గుంటలు సీలు తిరిగే చోట ఉంటే పైపు మార్చవలసిందే.

కొత్త సీలు పెట్టేటప్పుడు స్ప్రింగు చుట్ట కనిపించే వైపు కిందికి, ఆయిల్ వైపుకు ఉండాలి. అక్షరాలున్న నునుపు ముఖం పైకి వస్తుంది. పైపు కొన పదునుగా ఉంటుంది గనుక దానికి పలుచని ప్లాస్టిక్ సంచి తొడిగి, సీలు పెదవికి గ్రీజు పూసి జార్చితే పెదవి చిరగదు. సీలును సరిపడే పీవీసీ గొట్టం ముక్కతో అన్నివైపులా సమానంగా, క్లిప్పు గాడి పూర్తిగా బయటపడేదాకా దించాలి. ఒక పక్కే కారుతున్నా రెండు పక్కలా సీళ్లు, ఆయిల్ కలిపి మార్చాలి. ఒక పైపులో కొత్త ఆయిల్, మరోదాంట్లో నాలుగేళ్ల పాతది ఉంటే రెండు పక్కలా అణచివేత వేరుగా ఉంటుంది.

ఆయిల్ కొలత చిన్న బండ్లలో ఒక్కో పైపుకు సుమారు 150 నుంచి 250 మిల్లీలీటర్ల మధ్య ఉంటుంది, కచ్చితమైన అంకె ఆ మోడల్ పుస్తకంలోనే చూడాలి. గ్రేడు ఎక్కువగా ఎస్ఏఈ 10 దగ్గర ఉంటుంది. మిగిలిన ఇంజను ఆయిల్ పోసే అలవాటు చాలా షాపుల్లో ఉంది. చిక్కని ఆయిల్ ఆ సన్నని రంధ్రాల్లోంచి సమయానికి కదలలేదు కాబట్టి వరస గుంటల మీద ఫోర్కు పూర్తిగా లేవక ముందే తరువాతి దెబ్బ పడుతుంది, క్రమంగా ఫోర్కు కుంగిపోయి గట్టిపడుతుంది. కేజ్‌వీల్ గాట్ల రోడ్డు మీద చేతులు తిమ్మిరెక్కడానికి చాలాసార్లు కారణం ఇదే. ఆయిల్ ఎక్కువ పోయడం కూడా తప్పే, పైన గాలికి చోటు తగ్గి ఒత్తిడి పెరిగి సీలు తన్నుకుని బయటికి వస్తుంది. పోసిన తరువాత పైపును నెమ్మదిగా పది పదిహేనుసార్లు ఆడించి గాలి బుడగలు పోనిచ్చి, రెండు పైపుల్లో మట్టం ఒకటేనని చూసి మూత బిగించాలి.

ఫోర్కు పైపులు విప్పి ఉన్నప్పుడే బాల్‌రేస్ చూడటం తెలివైన పని, ఎందుకంటే సగం శ్రమ అప్పటికే అయిపోయింది. కింద వెడల్పాటి పళ్లెంలో గుడ్డ పరిచి, టీని ఒక చేత్తో పట్టి, పై నట్టు, పైపుల పై కొనలను కలిపి పట్టే టాప్ ప్లేటు, రింగు నట్టు తీస్తే టీ కిందికి జారుతుంది, వెంటనే పాత బాల్స్ రాలుతాయి. రాలిన బాల్స్‌ను పైవి, కిందివి వేరుగా లెక్కపెట్టి రాసుకోవాలి. పూర్వం ఎవరో ఒకటి పోగొట్టి ఉండవచ్చు కాబట్టి పుస్తకంతో సరిచూడాలి. కట్లను డీజిల్‌తో కడిగి, ఆరబెట్టి, ఎండలో వంచి చూస్తే మధ్య భాగంలో ఈనెల వంటి అడ్డగీతలు కనిపిస్తాయి. కంటికి అందకపోతే పెన్ను మొనను ఆ దారిలో నడిపితే అది తట్టుకుంటుంది. గుంటలు పడ్డ కట్లను కొద్దిగా తిప్పి మళ్లీ బిగించి, హ్యాండిల్ బాగైందనిపించే పద్ధతి ఒకటి ఉంది. అది కొద్ది నెలల ఉపశమనం, అమ్మబోయే బండికి తప్ప ఎందుకూ పనికిరాదు. పాత కట్ల మీద కొత్త బాల్స్ వేయడం కూడా అటువంటిదే, నాలుగు కట్లూ బాల్స్‌తో కలిపే మార్చాలి.

మెడ గొట్టంలోని గిన్నెలను అవతలి వైపు నుంచి పొడవాటి ఇనుప కడ్డీతో, ఒకసారి ఈ అంచున ఒకసారి ఆ అంచున కొడుతూ దించాలి. కొత్త గిన్నెను నేరుగా సుత్తితో కొడితే బాల్స్ నడిచే దారి దెబ్బతింటుంది, పాత గిన్నెను దాని మీద బోర్లించి కొట్టడం సురక్షితం. పూర్తిగా కూర్చున్నప్పుడు సుత్తి చప్పుడు డొల్లగా ఉండటం మాని గట్టిగా మారుతుంది, ఆ మార్పును చెవితో గుర్తించవచ్చు. టీ అడుగున బిగువుగా కూర్చున్న కోను తొలిసారికి మెకానిక్‌కు అప్పగించదగ్గ పని. గిన్నెల్లో గ్రీజు ధారాళంగా నింపి బాల్స్‌ను ఒక్కొక్కటిగా అందులో అదిమితే అవి గ్రీజు పట్టుకే నిలుస్తాయి. ఆఖరి బాల్ పెట్టాక కొద్ది ఖాళీ మిగలడం సహజం, అక్కడ మరో బాల్ కూరకూడదు.

రింగు నట్టు బిగింపు ఈ పని మొత్తంలో అనుభవం కోరే భాగం. ఉలి పెట్టి సుత్తితో కొట్టి బిగించే చోట బిగువు ఎంతో ఎవరికీ తెలియదు, నట్టు గాట్లు మటుకు చెడతాయి. సి-పానాతో ముందు కాస్త గట్టిగానే బిగించి, హ్యాండిల్‌ను నాలుగైదుసార్లు ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి కట్లు కూర్చునేలా చేసి, నట్టును పూర్తిగా వదిలి, మళ్లీ చేతి బలంతో కదలిక పోయేదాకా మాత్రమే బిగించాలి. సరైన బిగువుకు గుర్తు ఉంది: చక్రం గాలిలో ఉండగా హ్యాండిల్‌ను మధ్య నుంచి వేలితో తట్టితే అది తన బరువుకు తానే ఆ పక్కకు వాలిపోవాలి, ఫోర్కు కింది కొసలను లాగితే టక్కుమనకూడదు. పై పెద్ద నట్టు బిగించాక ఈ బిగువు కొంత పెరుగుతుంది కాబట్టి పరీక్ష చివరలో మరోసారి చేయాలి. వదులు నట్టు బాల్స్‌తో కట్లను మోదిస్తుంది, బిగువు నట్టు హ్యాండిల్‌ను తనంత తాను సరిదిద్దుకోనివ్వదు. అనుభవం లేనివారి చేతిలో రెండోదే ఎక్కువగా జరుగుతుంది, అదే ఎక్కువ ప్రమాదకరం.

తిరిగి కూర్చేటప్పుడు రెండు పైపుల కొనలూ టాప్ ప్లేటుకు ఒకే ఎత్తులో ఉండాలి. డ్రమ్ము బ్రేకు పళ్లెంలోని గాడిలో ఫోర్కు మీది దిమ్మె ఇమిడిందో లేదో వేలు పెట్టి చూడాలి. అది తప్పితే బ్రేకు వేసిన మరుక్షణం పళ్లెం చక్రంతోపాటు తిరిగి చక్రాన్ని పట్టేస్తుంది, బండి బోల్తా కొడుతుంది. ఈ ఒక్కటి సరిచూడకుండా రోడ్డెక్కకూడదు. డిస్కు ఉన్న బండి అయితే విప్పినప్పుడు క్యాలిపర్‌ను గొట్టం మీద వేలాడదీయకుండా తీగతో కట్టాలి, డిస్కు లేనప్పుడు బ్రేకు పిడి నొక్కకూడదు, తిరిగి పెట్టాక పిడి గట్టిపడేదాకా నొక్కి చూసుకోవాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ మించిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది గనుక వాటిలో చక్రం దగ్గరి సెన్సరు తీగను నలగకుండా పాత దారినే నడిపించాలి. కొన్ని బండ్లకు ఉండే తలకిందుల ఫోర్కులు, అంటే లావు గొట్టం పైన, సన్న గొట్టం కింద ఉండేవి, తొలి ప్రయత్నానికి తగవు.

కాలపరిమితి విషయంలో కంపెనీల పుస్తకాలు సాధారణంగా ఫోర్కు ఆయిల్‌ను రెండేళ్లకో, ఇన్ని వేల కిలోమీటర్లకో మార్చమంటాయి. దమ్ము బురదలో తిరిగే బండికి కిలోమీటర్ల లెక్క కంటే పంటల లెక్కే సరిపోతుంది: వానాకాలం వరికోతలు ముగిశాక ఒకసారి, యాసంగి ధాన్యం కాంటా అయ్యాక ఒకసారి పైన చెప్పిన నాలుగు పరీక్షలూ చేసి, ఏది అవసరమైతే అది విప్పడం ఆచరణకు తగినది. కొత్త బాల్‌రేస్ వేసిన బండికి మాత్రం అంత కాలం ఆగకూడదు, కట్లు పూర్తిగా సర్దుకునే తొలి 200, 300 కిలోమీటర్ల తరువాత రింగు నట్టు దాదాపు తప్పకుండా కొద్దిగా వదులవుతుంది. ఆ బిగింపును సరిచూడటానికి పైపులు విప్పనక్కర్లేదు, సి-పానా, పది నిమిషాలు చాలు.